కొత్త ఆల్బమ్ పాటలప్పుడు బయటికెళ్ళకండి

సింగర్ మైకు దగ్గరకొచ్చి "ఇప్పుడు మా కొత్త ఆల్బమ్‌లోంచి ఒక పాట" అనగానే జనంలో ఒక కదలిక మొదలవుద్ది, ఎప్పుడైనా గమనించారా? వాటర్ బాటిల్ కోసం కొందరు, బాత్రూమ్ లైన్లో నిలబడటానికి కొందరు, అప్పటిదాకా తీసిన వీడియోలు స్టేటస్‌లో పెట్టుకోడానికి ఇంకొందరు. ముందు వరసల్లో అప్పటిదాకా గొంతు చించుకున్నవాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు, పాత పాట వచ్చేదాకా. టికెట్ రేట్లు, ట్రాఫిక్, ఎండ, తోపులాట అన్నిటికీ సర్దుకుపోతా గానీ దీనికి మాత్రం నేను సర్దుకోలేను. ఎందుకంటే ఆ బ్యాండ్ ఇంకా బతికే ఉందని చెప్పేది ఆ కొత్త పాట ఒక్కటే. మిగతావన్నీ వాళ్ళు ఒకప్పుడు ఏం చేశారో చెప్పే పాటలు.

మాది గుంటూరు, బ్రాడీపేట. ఇప్పుడు ఉద్యోగం విజయవాడలో. ఈ రెండు ఊళ్ళలో రాక్ వినేవాళ్ళు ఎవరుంటారులే అని హైదరాబాద్ ఫ్రెండ్స్ కూడా అంటుంటారు, కానీ ఉన్నాం. మెటాలికా టీషర్ట్ వేసుకుని బీసెంట్ రోడ్డులో ఎదురైనోడితో ముక్కూ మొహం తెలీకుండానే అరగంట మాట్లాడేసే రకం మేము. మా దగ్గరికి ఏ పెద్ద బ్యాండూ రాదు కాబట్టి మేమే రైలెక్కి బెంగళూరో ముంబయో పోతాం. అంత దూరం అంత ఖర్చు పెట్టుకుని పోయాక తెలిసిన పాటలే పాడాలని అనిపించడం సహజమే, కాదనను. కానీ ఆ కోరికకి ఒక హద్దుండాలి అనేదే నా వాదన, అది కొంచెం పొడుగ్గా చెప్పాలి.

ముందు మేం పాటలు ఎలా విన్నామో చెప్తా, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. మా కాలేజీ రోజుల్లో రాక్ అంటే ఎంపీత్రీ సీడీ. ఒకే సీడీలో ఒక బ్యాండ్ జీవితం మొత్తం ఉండేది. నెట్ సెంటర్లో ఎవడో రైట్ చేసి ఇచ్చేవాడు, ఫోల్డర్లు గీల్డర్లు ఏమీ ఉండవు, అన్ని పాటలూ ఒకే కుప్ప. ఇంట్లో డీవీడీ ప్లేయర్లో పెడితే అక్షరక్రమంలో ప్లే అయ్యేవి! 1982లో పాట అయిపోగానే 2000లో పాట, అది కాగానే 1988ది. గొంతు మారిపోద్ది, డ్రమ్మర్ మారిపోతాడు, మాకేమో అంతా ఒకటే. ఏ పాట తర్వాత ఏ పాట రావాలని వాళ్ళు నెలల తరబడి కూర్చుని ఆలోచించారో అదంతా ఏ బీ సీ డీల కింద నలిగిపోయింది. ఆల్బమ్ అనేది ఒకటుంటుందని, దానికో మొదలూ ఒక తుదీ ఉంటాయని మా తరానికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఫోన్లో షఫిల్ కొట్టి వినే పిల్లల పరిస్థితీ అంతే, సీడీ పోయింది కుప్ప మాత్రం మిగిలింది.

ఇక 2007. మార్చి 17, శనివారం, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఇంగ్లండ్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ షో. మన దేశంలో అంత పెద్ద హెవీ మెటల్ బ్యాండ్ పూర్తి స్థాయి షో పెట్టడం అదే మొదలు. గుంటూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో పోయాం, ఆ ప్రయాణం సంగతి వదిలేయండి. మేం ఆశపడింది వేరు, అంటే ఆ కుప్పలోంచి మాకు ఇష్టమైన పాటలన్నీ వరసగా వాయించేస్తారని. వాళ్ళేమో మూడు కొత్త పాటలతో మొదలుపెట్టారు! అప్పటికి ఆర్నెల్ల ముందొచ్చిన ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్ ఆల్బమ్‌లోవి. ఆ రాత్రి సెట్ మొత్తంలో మూడోవంతు ఆ ఆల్బమే. అసలు అంతకుముందు 2006 టూర్లో అయితే ఆ ఆల్బమ్ మొత్తాన్ని, డెబ్భై రెండు నిమిషాలనీ, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసలో వాయించారు, కొందరు ఫ్యాన్స్ గొడవ చేశారు కూడా. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న బ్యాండ్‌కి జనం ఏం అడుగుతారో తెలీక కాదు కదా. తెలిసే చేశారు.

అందులో ఫర్ ద గ్రేటర్ గుడ్ ఆఫ్ గాడ్ అనే పాట ఉంది, తొమ్మిది నిమిషాల పైనే. మతం పేరుతో జరిగే యుద్ధాల మీద బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే స్టీవ్ హారిస్ రాశాడు. బేస్ గిటార్‌తో మెల్లగా మొదలవుద్ది, సింగర్ బ్రూస్ డికిన్సన్ దాదాపు మాట్లాడుతున్నట్టు కింది స్థాయిలో పాడతాడు, తర్వాత మొత్తం బ్యాండ్ మీద పడిపోద్ది. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ మెల్లగా ఉండే భాగం వచ్చినప్పుడు నా పక్కన ముగ్గురు నలుగురు కబుర్లు మొదలెట్టారు. నాకూ ఆ పాట అప్పటికి సరిగ్గా తెలీదు. కానీ స్టేజి మీద ఆ మనిషి మొహం చూస్తున్నా, ఎప్పుడో పాతికేళ్ళ కిందటి పాట పాడుతున్నప్పుడు లేని పట్టుదల ఒకటి కనపడింది. పాత పాటని జనమే మోస్తారు, ఆయన మైకు జనం వైపు తిప్పితే చాలు. కొత్త పాటని మోసేవాళ్ళు ఎవరూ లేరు, మొత్తం బరువు ఆయన మీదే. ఆ తొమ్మిది నిమిషాలూ ఆయన ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ పాడాడు. ఆ రాత్రి నాకు బాగా గుర్తున్నది ఆ పాటే, చిన్నప్పట్నుంచి బట్టీ పట్టిన పాటలు కాదు.

ఆ ఆల్బమ్ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. రికార్డింగ్ అయ్యాక మామూలుగా మాస్టరింగ్ అని ఒక చివరి మెరుగు పెడతారు, అన్ని శబ్దాలూ ఒక స్థాయికి తెచ్చి గట్టిగా వినపడేలా చేస్తారు. హారిస్ అది వద్దన్నాడు, స్టూడియోలో అందరూ కలిసి వాయించింది ఎలా వచ్చిందో అలాగే వదిలేశారు. అందుకే చెవులకి గుచ్చుకోదు, గదిలో మనుషులు వాయిస్తున్నట్టుంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డాబా మీద పడుకుని ఆ ఆల్బమ్ మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి వినండి, మధ్యలో ఆపకుండా.

ఇప్పుడు మన వైపు సంగతికొస్తా. తెలిసిందే మళ్ళీ కావాలనడం మనకి కొత్తేం కాదు. మన ఊళ్ళ ఆర్కెస్ట్రాల్లో స్టేజి మీదకి చీటీలు పంపేవాళ్ళు, ఫలానా సినిమాలో ఫలానా పాట అని. అంతకుముందు పద్యనాటకాల కాలంలో వన్స్‌మోర్. గుంటూరు తెనాలి వైపు రాయబారం పడక సీను పెట్టారంటే కృష్ణుడు పద్యం అందుకోవడం, జనం వన్స్‌మోర్ అనడం, మళ్ళీ పాడటం, ఇలా తెల్లారిపోయేది. దీన్ని చూపించి "మన జనం అంతేరా, పాతదే కావాలి వాళ్ళకి" అని ఒక ఫ్రెండ్ నాతో వాదిస్తుంటాడు. నేను ఒప్పుకోను. మా తాతయ్య ఆ నాటకాల పిచ్చి మనిషి, చాపా దుప్పటీ పట్టుకుని పోయేవాడు. ఆయన చెప్పేది ఏంటంటే రెండోసారి పాడేటప్పుడు మొదటిసారి లాగే పాడితే జనం ఒప్పుకునేవాళ్ళు కాదట. రాగం ఇంకెక్కడికో తీసుకెళ్ళాలి, ఆలాపన ఇంకో మలుపు తిరగాలి, ఆఖరి పాదం ఇంకాస్త సాగాలి. పద్యం అందరికీ తెలిసిందే, ఈసారి ఈ నటుడు దాన్ని ఏం చేస్తాడో అన్నదే చూసేవాళ్ళు. అంటే వన్స్‌మోర్ అన్నవాడు కొత్తది అడుగుతున్నాడన్నమాట! అది పాతదాని మీద బద్ధకం కాదు, చెవులు రిక్కించుకుని వినడం. ఇవాళ స్టేడియంలో ఫోన్ పైకెత్తి రికార్డులో ఎలా ఉందో అచ్చం అలాగే వాయించాలని కోరుకునేవాడికీ మా తాతయ్యకీ పోలికే లేదు.

ఇంకో మాట. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఒకప్పుడు విజయవాడలో ఉండేవారు, ఆకాశవాణిలో పనిచేశారు, ఇక్కడి సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్. ఆయన మహతి, లవంగి లాంటి రాగాలు నాలుగే నాలుగు స్వరాలతో కట్టారు. నాలుగు స్వరాలతో రాగమేంటి అని పెద్ద పెద్దవాళ్ళే గొడవకి దిగారు. ఆయన పాడటం మానలేదు. అలాంటి మనిషి తిరిగిన ఊళ్ళో ఉండి, కొత్తది మనకి అచ్చిరాదు అని ఎలా అంటాం?

సరే, అటువైపు వాదన కూడా ఉంది. పాత బ్యాండ్‌ల కొత్త ఆల్బమ్‌లు అంత బాగోవు కదా అంటారు. కొన్ని బాగోవు, నిజమే. మెటాలికా 2003లో తెచ్చిన సెయింట్ ఆంగర్‌లో స్నేర్ డ్రమ్ ఖాళీ బిందె మీద గరిటెతో కొట్టినట్టుంటుంది, ఆ శబ్దం నాకు ఇప్పటికీ పడదు. 2011లో సింగర్ లూ రీడ్‌తో కలిసి చేసిన లులు ఆల్బమ్ ఇంకా కష్టం. కానీ అదే బ్యాండ్ 2023 ఏప్రిల్‌లో 72 సీజన్స్ తెచ్చింది. మనిషి మొదటి పద్దెనిమిదేళ్ళు, ఏడాదికి నాలుగు సీజన్ల లెక్కన డెబ్భై రెండు, ఆ పద్దెనిమిదేళ్ళలో మన మీద పడ్డ ముద్రలే జీవితాంతం మోస్తామని సింగర్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఆలోచన (మన ఆరు ఋతువుల లెక్కలో అయితే 108 అవుద్ది, అది ఇంకా బాగుంటుంది నన్నడిగితే). ఆఖర్లో ఇనమొరాటా అనే పాట, పదకొండు నిమిషాలు, లూ రీడ్‌తో చేసిన లులు పక్కన పెడితే ఆ బ్యాండ్ సొంతంగా రాసుకున్న పాటల్లో అంత పొడుగుది లేదు. అరవైకి దగ్గరపడ్డ మనుషులు తాము రాసుకున్న అన్నిటికంటే పొడుగు పాట ఆ వయసులో చేశారంటే దానికి కొంచెం మర్యాద ఇవ్వాలా వద్దా? దాని టూర్ కూడా చూడండి, చాలా ఊళ్ళలో రెండు రాత్రులు, మొదటి రాత్రి వాయించిన పాట ఒక్కటి కూడా రెండో రాత్రి వాయించరు. జనం ఎటూ ఊహించలేని షో అది. సెయింట్ ఆంగర్ లాంటివి పడితేనే 72 సీజన్స్ లాంటివి వస్తాయి, తప్పు చేసే ధైర్యం లేని బ్యాండ్ కొత్తగా ఏమీ చెయ్యలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ గన్స్ ఎన్ రోజెస్. 2025 మే 17న ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో వాయించారు. మా వాళ్ళు చాలామంది పోయి ఊగిపోయి వచ్చారు, స్లాష్ గిటార్ చూసి ఏడ్చినవాడు కూడా ఉన్నాడు, వాళ్ళ ఆనందాన్ని నేను ఒక్క మాట అనను. కానీ ఆ బ్యాండ్ చివరి కొత్త ఆల్బమ్ 2008లో వచ్చిన చైనీస్ డెమోక్రసీ. 2016లో స్లాష్ తిరిగొచ్చాక అప్పుడో పాట ఇప్పుడో పాట వదలడమే తప్ప ఆ షో నాటికి ఆల్బమ్ లేదు. అంత గొప్ప గిటారిస్ట్, ఆయన ఇవాళ ఏం ఆలోచిస్తున్నాడో ఒక నిండు ఆల్బమ్‌లో చెప్పమని అడగడానికి బదులు 1987లో వాయించిన సోలోనే మళ్ళీ అడుగుతున్నాం మనం. తప్పు వాళ్ళదొక్కళ్ళదే అని నేను అనుకోను.

మనుషులు మారినా అంతే. లింకిన్ పార్క్ సంగతి తీసుకోండి. సింగర్ చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జులైలో పోయాక ఆ బ్యాండ్ ఇక లేదనే అనుకున్నాం, నేను ఆ గొంతుతోనే పెద్దయ్యాను. 2024 నవంబర్‌లో కొత్త సింగర్ ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఫ్రమ్ జీరో ఆల్బమ్ తెచ్చారు. ఆవిడ పాట ఒక్కటి కూడా పూర్తిగా వినకుండా చెస్టర్ పేరు చెప్పి తిట్టినవాళ్ళని చూస్తే బాధేసింది. ఇదే లెక్కయితే సింగర్ బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో పోయినప్పుడు ఏసీ డీసీ బ్యాండ్ దుకాణం కట్టేయాలి. ఐదు నెలలకి, అదే ఏడాది జులైలో బ్రయన్ జాన్సన్‌తో బ్యాక్ ఇన్ బ్లాక్ వచ్చింది, ఇవాళ మన ఊరి జిమ్ముల్లో కూడా మోగుతుంది. అది కూడా ఒకప్పుడు "కొత్త సింగర్‌తో కొత్త ఆల్బమ్" అనే కదా వచ్చింది.

కొత్త ఆల్బమ్ వినడానికి ఓపిక కావాలి, అది నేనూ ఒప్పుకుంటా. ఐరన్ మెయిడెన్ ఆల్బమ్ సెంజుట్సు 2021 సెప్టెంబర్ 3న వచ్చింది, ఎనభై రెండు నిమిషాలు, చివరి మూడు పాటలూ హారిస్ రాసినవే, మూడూ పది నిమిషాల పైవే. అర్ధరాత్రి కూర్చుని విన్నా, ద పార్చ్‌మెంట్ దగ్గరకొచ్చేసరికి ఇదేంటి ఇంత సాగుతుంది అనిపించింది. కానీ ఆపలేదు, మర్నాడు మళ్ళీ, ఆ తర్వాత ఆఫీసుకి బస్సులో మళ్ళీ. ఒకరోజు మంగళగిరి దాటుతుంటే హెల్ ఆన్ ఎర్త్ మొదలైంది, ఆ పాట మొదట్లో చాలాసేపు మెత్తటి గిటార్, బేస్, అంతే, బస్సు హారన్ల మధ్య వినపడీ వినపడకుండా. తర్వాత ఒక్కసారిగా పరుగందుకుంటుంది. వారధి మీదకి ఎక్కేసరికి పాట మధ్యలో ఉన్నా, కింద కృష్ణ, నాకు ఒళ్ళంతా గగుర్పాటు. ఆ పాట మొదటి రాత్రే నచ్చేసి ఉంటే ఇంత నచ్చేది కాదేమో.

ఇదంతా బయటి బ్యాండ్‌ల గురించి అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అసలు కడుపుమంట మన ఊళ్ళలో జరిగేదాని గురించి.

ఈమధ్య ఇక్కడ దగ్గర్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌కి పోయా. నలుగురు కుర్రాళ్ళ బ్యాండ్, ఇద్దరిది విజయవాడ సింగ్‌నగర్, ఒకడిది మంగళగిరి, డ్రమ్మర్ మాత్రం మా గుంటూరోడే. అరగంట సినిమా పాటలు వాయించారు, జనం గంతులేశారు. తర్వాత పాడే కుర్రాడు "అన్నా, ఇది మేం రాసుకున్న పాట" అని మొదలుపెట్టాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచినప్పటి పాట. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది, సింగ్‌నగర్‌లో జనం రోజుల తరబడి డాబాల మీదే ఉన్నారు, తిండి పొట్లాలు డ్రోన్లతో వేశారు, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ పాట మొదట్లో గిటార్ కుర్రాడు తీగల్ని మీటలేదు, గిటార్‌ని ఆంప్లిఫయర్ దగ్గరకి తీసుకెళ్ళి ఫీడ్‌బ్యాక్ తెప్పించాడు, సన్నగా జుయ్యిమని, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి కదులుతున్నట్టు. డ్రోన్! నాకు అర్థమయ్యేసరికి వెన్నులోంచి చలి పుట్టింది. కింద బేస్ ఒకటే స్వరం పట్టుకుని నీళ్ళు నిలిచిపోయినట్టు నిలబడింది. ఏ సినిమా పాటా ఆ డాబా మీదకి నన్ను తీసుకెళ్ళలేదు, ఆ కుర్రాడు అర నిమిషంలో తీసుకెళ్ళాడు.

రెండో చరణం కూడా కాలేదు, వెనక నుంచి అరుపులు, సినిమా పాట కావాలని. తర్వాత చప్పట్లతో తాళం వేసి మరీ అరిచారు. నిర్వాహకుల్లో ఒకడు స్టేజి పక్క నుంచి చేత్తో సైగ చేశాడు. పాట మధ్యలో ఆపి మాస్ బీట్ అందుకున్నారు. డ్రమ్మర్ మొహం నేను చూశా, వాడు కొట్టడం కొడుతూనే ఉన్నాడు గానీ తల పైకెత్తలేదు. బెంగళూరులో ఫర్ ద గ్రేటర్ గుడ్ ఆఫ్ గాడ్ అప్పుడు కబుర్లు చెప్పుకున్నవాళ్ళ వల్ల డికిన్సన్‌కి పోయేదేం లేదు, ఆయన మర్నాటికి ఇంకో దేశంలో ఉంటాడు. ఈ కుర్రాళ్ళకి మాత్రం పోతుంది. ఇంకో రెండుసార్లు ఇలా అయితే వాళ్ళు సొంత పాట వాయించడమే మానేస్తారు, పెళ్ళి రిసెప్షన్ బ్యాండ్ అయిపోతారు.

తెలుగుకి రాక్ నప్పదు అనేవాళ్ళున్నారు. ఆగం అనే బెంగళూరు బ్యాండ్ త్యాగరాజ కృతుల మీద రాక్ కట్టింది. హంసనాదంలో బంటురీతి కొలువు, నళినకాంతిలో మనవ్యాలకించరాదటే, ఎలక్ట్రిక్ గిటార్లూ డ్రమ్స్ మధ్య అచ్చమైన తెలుగు సాహిత్యం. పాడే హరీష్ శివరామకృష్ణన్ కేరళ మనిషి. అదే కేరళలో అవియల్ అనే బ్యాండ్ 2008లోనే పూర్తిగా మలయాళంలో రాక్ ఆల్బమ్ తెచ్చింది. ఎవరికీ భాష అడ్డం రాలేదు. అక్కడ నిలబడి వినే జనం దొరికారు, మన దగ్గర దొరకట్లేదు, తేడా అంతే. రాత్రంతా నిలబడే ఓపిక మనకి లేదా అంటే కోటప్పకొండ తిరునాళ్ళకి రండి, ప్రభల కింద తెల్లారేదాకా ఎంత జనం ఎంత సౌండ్ మధ్య నిలబడతారో చూద్దురుగాని. చెవులూ కాళ్ళూ రెండూ ఉన్నాయి మనకి.

అందుకని ఫెస్ట్ కమిటీల్లో ఉండే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను అడిగేది చిన్నదే. కవర్లు, అంటే వేరేవాళ్ళ పాటలు, ఎన్నైనా పెట్టుకోండి, సినిమా పాటలు నాకూ ఇష్టమే. కానీ బ్యాండ్‌ని పిలిస్తే ఒక పావుగంట వాళ్ళ సొంత పాటలకి అని ముందే పోస్టర్ మీద రాయండి, అది ఆఖర్లో కాకుండా జనం మంచి ఊపు మీదున్నప్పుడు మధ్యలో పెట్టండి, ఆ పావుగంటా స్టేజి పక్క నుంచి సైగలు చెయ్యకండి. సౌండ్ చెక్ కూడా ఆ పాటతోనే చేయించండి, ఎందుకంటే సినిమా పాట సౌండ్ చెడినా జనం పాడేసుకుంటారు, తెలీని పాటలో మాట వినపడకపోతే అక్కడే చచ్చిపోద్ది.

ఆ నలుగురితో ఫెస్ట్ అయ్యాక మాట్లాడా. పటమటలో ఒక గదిలో నాలుగు పాటలు రికార్డ్ చేస్తున్నారట, బుడమేరు పాట ఆఖర్న పెట్టారు, ఎనిమిది నిమిషాలు వచ్చిందట. మిక్సింగ్ చేసే అతను మొదట్లో ఆ డ్రోన్ సౌండ్ అంతా కోసేసి నాలుగు నిమిషాలకి తెమ్మంటున్నాడట, రీల్స్‌కి పనికొస్తుందని. "ఏం చెయ్యమంటావన్నా?" అని అడిగాడు గిటార్ కుర్రాడు. ఒక్క సెకను కూడా కొయ్యొద్దని చెప్పా.